గీత దాటిన ఆటగాడికి శిక్ష ఎవరు వేస్తారు?

క్రీడాకారుల దుష్ప్రవర్తన ఒకే రకమైన తప్పు కాదు. అంపైర్‌తో గొడవపడడం, ప్రత్యర్థి మీద చేయి చేసుకోవడం, బంతిని గీకి పాడుచేయడం, డబ్బు తీసుకుని కావాలని ఓడిపోవడం, నిషేధిత మందు వాడడం, వయసు తగ్గించి చూపడం, మైదానం బయట నేరానికి పాల్పడడం, ఇవన్నీ ఆ మాట కిందికే వస్తాయి. అయితే వీటిలో ఒక్కోదాన్ని విచారించేవారు వేరు, శిక్ష వేరు. మొదటిదానికి మైదానంలో ఉన్న అధికారి నిర్ణయం చాలు. చివరిదానికి పోలీసులు, కోర్టులు కావాలి. మధ్యలో మిగిలినవాటిని క్రీడా సంఘాల క్రమశిక్షణ కమిటీలు, అంబుడ్స్‌మన్‌లు, డోపింగ్ నిరోధక సంస్థలు చూసుకుంటాయి. ఒకే పనికి రెండు మూడు చోట్ల శిక్ష పడవచ్చు. ఒకచోట బయటపడ్డవాడు మరోచోట దోషిగానే మిగిలిపోవచ్చు.

ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా దోర్నపాల్ వంటి ఊళ్లకు ఇది ఇక దూరపు సంగతి కాదు. సుక్మా నుంచి కుంటకు వచ్చే జాతీయ రహదారి మీద ఉన్న ఈ ఊళ్లో కోయ, హల్బీ, హిందీ భాషలతో పాటు తెలుగూ వినిపిస్తుంది. 2024లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం సుక్మా సహా బస్తర్ డివిజన్ జిల్లాల కోసం బస్తర్ ఒలింపిక్స్ మొదలుపెట్టింది. బ్లాకు స్థాయిలో గెలిచినవారు జిల్లాకు, అక్కడ గెలిచినవారు జగదల్‌పూర్‌లో జరిగే డివిజన్ పోటీలకు వెళ్తారు. మొదటి ఏడాదే ఏడు జిల్లాల నుంచి సుమారు 1.65 లక్షల మంది పేర్లు నమోదు చేసుకున్నారు. లొంగిపోయిన మావోయిస్టులకు, మందుపాతర పేలుళ్లలో కాళ్లు చేతులు పోగొట్టుకున్నవారికి కూడా ఇందులో చోటు దొరికింది. సాయంత్రం బడి మైదానంలో కబడ్డీ ఆడుకునే కుర్రవాడు ఇలా ఒక్కో మెట్టూ ఎక్కి రాష్ట్ర జట్టు దాకా వెళ్తే, ఊరి ఆటలో ఎన్నడూ వినని నియమాలు అతనికి వర్తిస్తాయి. ఆ నియమాలు తెలియవని చెబితే ఎవరూ వదిలిపెట్టరు.

మైదానంలో జరిగే తప్పుకు శిక్ష అక్కడికక్కడే పడుతుంది. ఫుట్‌బాల్‌లో పసుపు, ఎరుపు కార్డులు 1970 మెక్సికో ప్రపంచ కప్‌తో వచ్చాయి. ఆటగాడికీ రిఫరీకీ భాష కలవకపోయినా, హెచ్చరించిందీ బయటికి పంపిందీ అందరికీ కనిపించాలన్న ఆలోచనతో ఇంగ్లండ్ రిఫరీ కెన్ ఆస్టన్ వాటిని రూపొందించాడు. నాలుగైదు భాషలు కలిసే దోర్నపాల్ లాంటి చోట కార్డు విలువ వేరే చెప్పనక్కర్లేదు. కబడ్డీలో ఆకుపచ్చ కార్డు హెచ్చరిక. పసుపు కార్డు చూపితే రెండు నిమిషాలు బయట కూర్చోవాలి. ఎరుపు చూపితే ఆ మ్యాచ్‌లో ఇక ఆడనివ్వరు. వాలీబాల్‌లో ఎరుపు కార్డు ఒక్కటే చూపితే ప్రత్యర్థికి ఒక పాయింటు, సర్వీసు వెళ్తాయి. రెండు కార్డులూ ఒకే చేత్తో పట్టుకుని చూపితే ఆ సెట్‌కు, రెండు చేతుల్లో విడివిడిగా చూపితే మ్యాచ్ మొత్తానికీ ఆటగాడు దూరం కావాలి. ఇక్కడ అందరూ గమనించాల్సింది ఒకటుంది. ఒకడి నోటి దురుసుకు పాయింటు పోయేది జట్టు మొత్తానికి.

క్రికెట్ చాలాకాలం పెద్దమనుషుల ఆట అన్న పేరు మీదే నడిచింది. ఆటగాళ్ల ప్రవర్తనపై అంపైర్‌కు మైదానంలోనే శిక్షించే అధికారం ఇస్తూ, క్రికెట్ నిబంధనలు రాసే ఎంసీసీ 42వ నిబంధన తెచ్చింది 2017లో మాత్రమే. చిన్న తప్పు రెండోసారి చేస్తే ప్రత్యర్థికి అయిదు పరుగులు ఇవ్వడం మొదలుకొని, అంపైర్‌ను బెదిరించినా కొట్టినా మిగిలిన మ్యాచ్ నుంచి పంపేయడం దాకా అందులో ఉన్నాయి. అంతర్జాతీయ మ్యాచ్‌లలో ఐసీసీ ప్రవర్తనా నియమావళి వర్తిస్తుంది. తప్పును నాలుగు స్థాయిలుగా విడదీసి, ఫీజులో కోతతో పాటు డీమెరిట్ పాయింట్లు వేస్తారు. 24 నెలల్లో నాలుగు పాయింట్లు చేరితే ఒక టెస్టుకో, రెండు వన్డేలకో, రెండు టీ20లకో దూరం కావాలి.

తెలుగునాట అంపైర్లతో గొడవ ఎంత దూరం వెళ్తుందో 2018 జనవరి 11న ఉత్తరాంధ్రలో జరిగిన ఒక మ్యాచ్ చూపించింది. సయ్యద్ ముస్తాక్ అలీ ట్రోఫీలో హైదరాబాద్, కర్ణాటక ఆడుతున్నాయి. కర్ణాటక ఇన్నింగ్స్‌లో హైదరాబాద్ ఫీల్డర్ మెహదీ హసన్ బంతిని ఆపినప్పుడు అతని కాలు బౌండరీ తాడుకు తగిలింది. అంపైర్లు గమనించక రెండు పరుగులే ఇచ్చారు. ఇన్నింగ్స్ ముగిశాక కర్ణాటక కెప్టెన్ వినయ్ కుమార్ ఆ సంగతి వారి దృష్టికి తెచ్చాడు. 203 స్కోరు 205 అయింది. హైదరాబాద్ 203 దగ్గర ఆగి రెండు పరుగుల తేడాతో ఓడింది. సవరణ ఒప్పుకోం, సూపర్ ఓవర్ ఆడించాలి అంటూ కెప్టెన్ అంబటి రాయుడు, జట్టు సభ్యులు మైదానం విడిచి వెళ్లలేదు. దాంతో అదే మైదానంలో తర్వాత ఆడాల్సిన ఆంధ్ర, కేరళ జట్ల మ్యాచ్ ఆలస్యమై 13 ఓవర్లకు కుదించాల్సి వచ్చింది. భారత క్రికెట్ బోర్డు రాయుడిపై రెండు మ్యాచ్‌ల నిషేధం వేసింది.

న్యాయంగా చూస్తే హైదరాబాద్ వాదనలో కొంత బలం ఉంది. ఇన్నింగ్స్ ముగిశాక స్కోరు మార్చడం ఏ జట్టుకైనా మింగుడుపడదు. కానీ ఆ ఫిర్యాదును మ్యాచ్ రిఫరీ ముందు రాతపూర్వకంగా పెట్టే దారి ఉంది. పిచ్ మీద నిలబడిపోవడం వల్ల నష్టపోయింది ఆ వివాదంతో ఏ సంబంధమూ లేని రెండు జట్లు. ఊరి టోర్నమెంట్లలో అంపైర్ నిర్ణయం నచ్చక వికెట్లు పీకి, జట్టుతో సహా మైదానం దిగిపోవడం చాలామంది పౌరుషంగా భావిస్తారు. అదే అలవాటు పై స్థాయికి వెళ్లాక నిషేధంగా మారుతుంది.

రెచ్చగొట్టినవాడిదీ తప్పే అన్న సూత్రం ప్రపంచం ముందుకు వచ్చింది 2006 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ఫైనల్లో. ఇటలీ ఆటగాడు మాటెరాజీ నోరు పారేసుకుంటే ఫ్రాన్స్ కెప్టెన్ జిదాన్ అతని ఛాతీ మీద తలతో కుమ్మాడు. జీవితంలో ఆఖరి మ్యాచ్ నుంచి ఎర్ర కార్డుతో బయటికి నడిచాడు. ఫిఫా జిదాన్‌కు మూడు మ్యాచ్‌ల నిషేధం వేసింది, మాటెరాజీకీ రెండు మ్యాచ్‌లు వేసింది. మన దగ్గర 2008 తొలి ఐపీఎల్‌లో మొహాలీ మ్యాచ్ తర్వాత శ్రీశాంత్‌ను చెంపదెబ్బ కొట్టిన హర్భజన్ సింగ్ ఆ సీజన్‌లో మిగిలిన మ్యాచ్‌లన్నింటికీ దూరమయ్యాడు. ఆపైన బోర్డు అయిదు వన్డేల నిషేధమూ వేసింది.

మైదానంలో చేసిన తప్పు మైదానం బయట ఎంతవరకు వెంటాడుతుందో చెప్పడానికి హైదరాబాద్ అభిమానులు దగ్గరగా చూసిన ఉదాహరణ డేవిడ్ వార్నర్. ఐపీఎల్ జట్టు సన్‌రైజర్స్ హైదరాబాద్‌ను 2016లో విజేతగా నిలిపిన కెప్టెన్ అతను. 2018 మార్చిలో కేప్‌టౌన్ టెస్టులో ఆస్ట్రేలియా ఆటగాడు బాన్‌క్రాఫ్ట్ గరుకు కాగితంతో బంతిని రుద్దుతూ కెమెరాకు దొరికిపోయాడు. ఐసీసీ వేసిన శిక్ష చిన్నది. కెప్టెన్ స్మిత్‌కు ఒక టెస్టు నిషేధం, బాన్‌క్రాఫ్ట్‌కు ఫీజులో కోత, అంతే. ఆస్ట్రేలియా బోర్డు మాత్రం స్మిత్, వార్నర్‌లను ఏడాది, బాన్‌క్రాఫ్ట్‌ను తొమ్మిది నెలలు పక్కన పెట్టింది. వార్నర్ ఇక ఎప్పటికీ నాయకత్వం వహించరాదని కూడా తేల్చింది. ఆ దేశపు బోర్డుతో ఉన్న ఒప్పందాన్ని మాజెల్లాన్ అనే ఆర్థిక సంస్థ రద్దు చేసుకుంది. భారత బోర్డు ఆ ఏడాది ఐపీఎల్ తలుపులు మూసింది. సన్‌రైజర్స్ పగ్గాలు విలియమ్సన్ చేతికి వెళ్లాయి. వార్నర్ 2019లో తిరిగి వచ్చి 692 పరుగులతో ఆ ఐపీఎల్‌లో అందరికంటే ముందు నిలిచాడు. నాయకత్వంపై ఉన్న నిషేధం మాత్రం 2024 అక్టోబరు దాకా తొలగలేదు. బ్యాటు తిరిగి దక్కడానికి ఏడాది పడితే, నమ్మకం తిరిగి దక్కడానికి ఆరేళ్లకు పైగా పట్టింది.

ఇంతవరకూ చెప్పినవన్నీ గెలవాలన్న తపనలో హద్దు దాటిన తప్పులు. ఆటను అమ్ముకోవడం అలాంటిది కాదు. అందులో ఆటగాడు తన జట్టుకే ఎదురు ఆడతాడు, టికెట్ కొన్నవాడిని మోసం చేస్తాడు. తెలుగు క్రీడాచరిత్రలో ఈ కోవలో అందరికీ తెలిసిన, అన్నింటికన్నా చిక్కైన వ్యవహారం మహమ్మద్ అజహరుద్దీన్‌ది.

హైదరాబాద్‌లో 1963 ఫిబ్రవరి 8న పుట్టిన అజహరుద్దీన్ 1984 డిసెంబరు 31న ఈడెన్ గార్డెన్స్‌లో మొదలైన టెస్టుతో భారత జట్టులోకి వచ్చాడు. మొదటి మూడు టెస్టుల్లోనూ సెంచరీలు కొట్టాడు. మణికట్టు తిప్పి ఆఫ్ స్టంప్ బయటి బంతిని లెగ్ వైపు పంపే ఆ ఆటను చూసి ఒక తరం హైదరాబాద్ కుర్రాళ్లు బ్యాటు పట్టారు. 1992, 1996, 1999 ప్రపంచ కప్‌లలో దేశానికి కెప్టెన్‌గా ఉన్నాడు. 334 వన్డేలు ఆడాడు, 47 టెస్టుల్లో జట్టును నడిపించాడు.

2000 ఏప్రిల్ 7న ఢిల్లీ పోలీసులు దక్షిణాఫ్రికా కెప్టెన్ హాన్సీ క్రోనే లండన్‌లో ఉండే బుకీ సంజయ్ చావ్లాతో మాట్లాడిన ఫోన్ సంభాషణలను బయటపెట్టారు. క్రోనే మొదట కాదన్నాడు, నాలుగు రోజుల్లోనే కెప్టెన్సీ పోగొట్టుకున్నాడు. జూన్‌లో దక్షిణాఫ్రికాలో విచారణ జరిపిన కింగ్ కమిషన్ ముందు వాంగ్మూలం ఇస్తూ, 1996 కాన్పూర్ టెస్టు సమయంలో తనను ముకేశ్ గుప్తా అనే బుకీకి పరిచయం చేసింది అజహరుద్దీనే అన్నాడు. అజహరుద్దీన్ దాన్ని ఖండించాడు. భారత ప్రభుత్వం విచారణను సీబీఐకి అప్పగించింది. అజహరుద్దీన్‌తో పాటు మరికొందరికి బుకీలతో సంబంధాలున్నాయని నవంబరు మొదట్లో వెలువడిన సీబీఐ నివేదిక పేర్కొంది. తర్వాత బోర్డు నియమించిన సీబీఐ మాజీ అధికారి కె. మాధవన్ విచారణ జరిపి నివేదిక ఇచ్చారు. డిసెంబరు 5న అజహరుద్దీన్, అజయ్ శర్మలకు జీవితకాల నిషేధం, అజయ్ జడేజా, మనోజ్ ప్రభాకర్‌లకు అయిదేళ్ల నిషేధం పడ్డాయి.

ఏప్రిల్‌లో ఫోన్ టేపులు, డిసెంబరులో జీవితకాల నిషేధం. ఎనిమిది నెలల్లో అంతా అయిపోయింది. ఆ ఏడాది మార్చిలో బెంగళూరులో దక్షిణాఫ్రికాపై ఆడిన టెస్టు అజహరుద్దీన్‌కు 99వది. ఆ రెండో ఇన్నింగ్స్‌లో చేసిన 102 పరుగులే అతని టెస్టు జీవితంలో చివరివి. వందో టెస్టు రాలేదు.

అజహరుద్దీన్ కోర్టుకెక్కాడు. హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు 2003లో బోర్డు వైపే తీర్పు చెప్పింది. అప్పీలు ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్లింది. 2012 నవంబరు 8న జస్టిస్ అశుతోష్ మొహంతా, జస్టిస్ జి. కృష్ణమోహన్ రెడ్డిల ధర్మాసనం ఆ నిషేధం చట్టం ముందు నిలవదని కొట్టేసింది. నిషేధం పడేనాటికి అజహరుద్దీన్ వయసు 37, తీర్పు వచ్చేనాటికి 49. గెలిచిన కేసుతో ఆడడానికి ఆట మిగల్లేదు. ఈలోపు 2009లో, నిషేధం ఇంకా అమల్లో ఉండగానే, ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఆశ్చర్యమేమంటే హైకోర్టు తీర్పు తర్వాత కూడా 2017లో హైదరాబాద్ క్రికెట్ సంఘం ఎన్నికల్లో అతని నామినేషన్ తిరస్కరణకు గురైంది. నిషేధం తొలగినట్టు బోర్డు నుంచి స్పష్టత లేదన్నది అందుకు చెప్పిన కారణాల్లో ఒకటి. 2019లో అదే సంఘానికి అధ్యక్షుడయ్యాడు. 2025 అక్టోబరు 31న తెలంగాణ మంత్రిగా ప్రమాణం చేశాడు.

అజహరుద్దీన్‌ను అభిమానించేవారు కోర్టు తీర్పును చూపిస్తారు, నమ్మనివారు సీబీఐ నివేదికను చూపిస్తారు. ఆ వాదన నేటికీ హైదరాబాద్ టీ కొట్ల దగ్గర తెగదు. అది తెగకపోవడానికి కారణం బోర్డు తొందరపాటే అనుకోవాలి. ఆరోపణ ఎంత పెద్దదైతే రుజువులు అంత గట్టిగా ఉండాలి, నిందితుడికి జవాబు చెప్పుకునే అవకాశం అంత నిండుగా ఇవ్వాలి. ఆ పని సరిగ్గా జరిగి ఉంటే రెండింటిలో ఏదో ఒకటి తేలేది. తప్పు చేశాడనుకుంటే శిక్ష నిలబడేది, చేయలేదనుకుంటే పన్నెండేళ్లు పోయేవి కావు. జడేజా నిషేధం కూడా 2003లోనే ఢిల్లీ హైకోర్టులో వీగిపోయింది. క్రోనే నిషేధంలో ఉండగానే 2002 జూన్ 1న విమాన ప్రమాదంలో మరణించాడు.

శ్రీశాంత్ వ్యవహారం ఈ చిక్కును మరో వైపు నుంచి చూపిస్తుంది. 2013 మేలో ఐపీఎల్ స్పాట్ ఫిక్సింగ్ ఆరోపణపై ఢిల్లీ పోలీసులు అతన్ని అరెస్టు చేశారు. బోర్డు జీవితకాల నిషేధం వేసింది. 2015లో ఢిల్లీ కోర్టు కేసు నుంచి విడుదల చేసినా బోర్డు తన నిషేధాన్ని ఎత్తలేదు. నేర విచారణకు కావలసిన రుజువు వేరు, క్రమశిక్షణ విచారణకు సరిపోయే రుజువు వేరు అన్నది బోర్డు వాదన. 2019 మార్చిలో సుప్రీంకోర్టు బోర్డుకు శిక్షించే హక్కు ఉందని ఒప్పుకుంటూనే, జీవితకాల నిషేధం సరికాదని, శిక్ష ఎంత ఉండాలో మళ్లీ ఆలోచించమని చెప్పింది. అది ఏడేళ్లకు తగ్గి 2020 సెప్టెంబరులో ముగిసింది.

మన దేశంలో మ్యాచ్ ఫిక్సింగ్‌ను నేరంగా పేర్కొనే ప్రత్యేక చట్టం లేకపోవడం ఈ గందరగోళానికి మూలం. 2013లో కేంద్రం ఒక ముసాయిదా బిల్లు తయారుచేసినా అది చట్టం కాలేదు. కర్ణాటక ప్రీమియర్ లీగ్ ఫిక్సింగ్ కేసులో 2022 జనవరిలో కర్ణాటక హైకోర్టు, ఫిక్సింగ్ అనైతికమే గాని శిక్షాస్మృతిలోని మోసం నిర్వచనం కిందికి రాదంటూ అభియోగాలను కొట్టేసింది. అదే ఇంగ్లండ్‌లో అయితే 2010 లార్డ్స్ టెస్టులో ముందే కుదుర్చుకున్న నోబాల్స్ వ్యవహారంలో పాకిస్తాన్ ఆటగాళ్లు సల్మాన్ బట్, ఆసిఫ్, ఆమిర్ జైలుకు వెళ్లారు. శ్రీలంక 2019లో ఫిక్సింగ్‌ను పదేళ్ల దాకా జైలు పడే నేరంగా మార్చింది. 2025లో మన పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను అరికడుతుంది. ఆటగాడు ఆటను అమ్ముకోవడం అన్న నేరం మాత్రం ఇంకా చట్టానికి బయటే ఉంది.

డబ్బు ముట్టకపోయినా శిక్ష పడే సందర్భం ఒకటుంది, అదే ఎక్కువమందికి తెలియదు. ఎవరైనా వచ్చి జట్టు సంగతులు అడిగితే, బేరం పెడితే, ఆ మాట వెంటనే అధికారులకు చెప్పి తీరాలి. చెప్పకపోవడమే నేరం. సన్‌రైజర్స్‌కు ఆడిన బంగ్లాదేశ్ కెప్టెన్ షకీబ్ అల్ హసన్‌పై 2019 అక్టోబరులో ఐసీసీ రెండేళ్ల నిషేధం వేసింది, అందులో ఒక ఏడాదిని షరతులతో నిలిపివేసింది. మూడు అభియోగాలలో ఒకటి 2018 ఏప్రిల్ 26న హైదరాబాద్‌లో పంజాబ్‌తో ఆడిన ఐపీఎల్ మ్యాచ్‌కు సంబంధించింది. ఒక బుకీ వాట్సాప్‌లో సమాచారం అడిగాడు, షకీబ్ ఆ సంగతి పైవారికి తెలపలేదు. డబ్బు తీసుకున్నాడన్న అభియోగం లేదు. పరిచయస్తుడిలా మొదలయ్యే సందేశమే ఇందులో ప్రమాదం. ఊరి నుంచి కొత్తగా వచ్చిన కుర్రవాడికి బూట్లు కొనిపెట్టే పెద్దమనిషి, ఫోన్ బహుమతిగా ఇచ్చే అభిమాని, తర్వాత ఒకరోజు రేపు ఎవరు ఆడుతున్నారని మాత్రమే అడుగుతారు.

డోపింగ్‌లోనూ తెలియక చేసినదానికి శిక్ష తప్పదు. నిషేధిత పదార్థం శరీరంలో దొరికితే చాలు, అది ఎలా వచ్చిందో చెప్పుకోవాల్సిన బాధ్యత ఆటగాడిదే. పృథ్వీ షా 2019 ఫిబ్రవరిలో ఇండోర్‌లో దేశవాళీ టోర్నీ ఆడుతూ నమూనా ఇచ్చాడు. అందులో టెర్బుటలైన్ బయటపడింది. మామూలు దగ్గు మందుల్లో ఉండే పదార్థం అది. తెలియక తాగానన్న మాటను బోర్డు నమ్మింది, అయినా ఎనిమిది నెలల నిషేధం వేసింది. మన దేశంలో డోపింగ్‌ను చూసేది జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ నాడా. 2022లో దీనికి ప్రత్యేక చట్టమూ వచ్చింది. స్టెరాయిడ్లవంటి వాటికి మామూలుగా నాలుగేళ్లు, కొన్ని ఇతర పదార్థాలకు రెండేళ్లు నిషేధం ఉంటుంది. నమూనా ఇవ్వకుండా తప్పించుకున్నా నాలుగేళ్లే. 2023లో నాడా పరీక్షించిన 5,606 నమూనాల్లో 213 పట్టుబడ్డాయి. అదే ఏడాది సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీలకు డోపింగ్ అధికారులు వచ్చారని తెలియగానే పలువురు మాయమయ్యారు. పురుషుల 100 మీటర్ల ఫైనల్లో ఒక్కడే పరుగెత్తాడు.

పల్లెల్లో ప్రమాదం ఎక్కువగా సూది రూపంలో వస్తుంది. జ్వరమొచ్చినా, మోకాలు వాచినా ఊరి వైద్యుడు వెంటనే ఉపశమనం కోసం డెక్సామెథాసోన్ వంటి ఇంజెక్షన్ వేయడం అందరికీ తెలిసిన అలవాటే. 2022 నుంచి పోటీల సమయంలో ఈ జాతి మందులను ఏ రకమైన ఇంజెక్షన్‌గా తీసుకున్నా నిషేధమే. పోటీకి కొన్ని రోజుల ముందు వేయించుకున్నా ఆ ఆనవాళ్లు శరీరంలో మిగిలి ఉండవచ్చు. నిజంగా అవసరమైన చికిత్స అయితే ముందుగా వైద్య పత్రాలు పెట్టి మినహాయింపు కోరవచ్చు. చిన్న వయసువారికి శిక్షలో సడలింపు ఉంటుంది. జిమ్‌లలో అమ్మే పొడుల డబ్బాల మీద రాసినవన్నీ నమ్మలేం. లోపల ఏముందో చెప్పని డబ్బాకు బాధ్యత చివరికి తిన్నవాడిదే.

వయసు తగ్గించడం చాలామందికి తప్పుగానే అనిపించదు. అండర్-16లో ఆడిస్తే ఎంపిక సులువని తల్లిదండ్రులో శిక్షకుడో చేసిన పని అది. కేంద్ర క్రీడా శాఖ 2010లోనే దీనికి ఒక నియమావళి తెచ్చింది. క్రికెట్ బోర్డు 2018 నుంచి దొరికినవారికి రెండేళ్ల నిషేధం వేస్తోంది. 2020లో స్వచ్ఛందంగా ఒప్పుకున్నవారికి మాఫీ కూడా ప్రకటించింది. మణికట్టు ఎముకల ఎక్స్‌రేతో వయసును అంచనా వేస్తారు. బస్తర్ దక్షిణ ప్రాంతంలో ఈ విషయాన్ని ఇంకొంచెం దయతో చూడాలి. 2005 తర్వాత, మావోయిస్టులకు వ్యతిరేకంగా నడిచిన సల్వాజుడుం కాలంలో ఊళ్లు ఖాళీ అయి వేలమంది దోర్నపాల్ వంటి శిబిరాలకు చేరారు. అలా ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన కుటుంబాల్లో జనన పత్రం జాగ్రత్తగా ఉండడం అరుదు. ఆధార్ కార్డు మీద జనవరి 1 అని పడితే అది మోసం కాదు, పుట్టినరోజు ఎవరూ రాసి పెట్టుకోకపోవడం. మోసానికీ లేమికీ తేడా కనిపెట్టడం అధికారుల బాధ్యత. మోసం చేయవద్దని చెప్పడం శిక్షకుల బాధ్యత.

మైదానంతో సంబంధంలేని నేరాల్లో క్రీడాసంఘానికి పాత్ర తక్కువ. 2008 బీజింగ్‌లో కాంస్యం, 2012 లండన్‌లో రజతం గెలిచిన రెజ్లర్ సుశీల్ కుమార్‌ను 2021 మే 23న అరెస్టు చేశారు. ఛత్రసాల్ స్టేడియంలో జరిగిన దాడిలో యువ రెజ్లర్ సాగర్ ధన్‌ఖడ్ మరణించిన కేసు అది. విచారణ ఇంకా సాగుతోంది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన బెయిలును ఆగస్టులో సుప్రీంకోర్టు రద్దు చేసింది. తీర్పు ఏదైనా, ఉద్యోగమిచ్చిన రైల్వే అతన్ని అరెస్టయిన వెంటనే సస్పెండ్ చేసింది. రైల్వే సహా కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల నిబంధనల ప్రకారం 48 గంటలకు మించి కస్టడీలో ఉన్న ఉద్యోగి సస్పెండ్ అయినట్టే లెక్క. స్పోర్ట్స్ కోటాలో పోలీసు, రైల్వే ఉద్యోగాల మీద ఆశలు పెట్టుకున్న కుటుంబాలు గుర్తుంచుకోవాల్సిన నియమమిది.

నవజ్యోత్ సింగ్ సిద్ధూ కథ దీనికి తలకిందులు. 1988 డిసెంబరులో పటియాలా రోడ్డు మీద జరిగిన గొడవలో దెబ్బలు తగిలిన వృద్ధుడు చనిపోయాడు. కేసు నడుస్తుండగానే సిద్ధూ పదేళ్లు దేశానికి ఆడాడు, ఆ తర్వాత రాజకీయాల్లో ఎదిగాడు. 2018లో సుప్రీంకోర్టు వెయ్యి రూపాయల జరిమానాతో సరిపెట్టింది. బాధిత కుటుంబం వదలక రివ్యూ కోరితే 2022 మేలో ఏడాది కఠిన శిక్ష పడింది. ముప్పై మూడేళ్లకు. పేరున్న ఆటగాడి విషయంలో వ్యవస్థ ఎంత మెత్తగా, ఎంత నిదానంగా కదులుతుందో చెప్పడానికి ఇంతకంటే వేరే సాక్ష్యం అక్కర్లేదు.

మాట తప్పుకు కూడా మైదానం బయట శిక్ష ఉంది. 2019 జనవరిలో ఒక టీవీ కార్యక్రమంలో మహిళల గురించి చులకనగా మాట్లాడినందుకు హార్దిక్ పాండ్యా, ఆ కార్యక్రమంలో పాల్గొన్న కె.ఎల్. రాహుల్ ఆస్ట్రేలియా పర్యటన మధ్యలోనే ఇంటిముఖం పట్టారు. తర్వాత బోర్డు అంబుడ్స్‌మన్ జస్టిస్ డి.కె. జైన్ ఒక్కొక్కరికి 20 లక్షల రూపాయల జరిమానా వేశారు. విధుల్లో ప్రాణాలు కోల్పోయిన పదిమంది పారామిలటరీ కానిస్టేబుళ్ల కుటుంబాలకు లక్ష చొప్పున, అంధుల క్రికెట్‌కు పది లక్షలు ఇవ్వమన్నారు. శిక్ష ఎవరికైనా పనికొచ్చేలా ఉండవచ్చని చూపిన మంచి తీర్పు అది.

క్రీడావివాదాలు ఏళ్ల తరబడి మామూలు కోర్టుల్లో నలగకుండా జాతీయ క్రీడా ట్రిబ్యునల్ ఏర్పాటుకు 2025లో పార్లమెంటు ఆమోదించిన జాతీయ క్రీడా పాలన చట్టం దారి వేసింది. దాని తీర్పులపై సుప్రీంకోర్టుకు వెళ్లవచ్చు. అజహరుద్దీన్ వంటి వివాదాలు పన్నెండేళ్లు సాగకుండా ఉండాలంటే ఆ ట్రిబ్యునల్‌కు సభ్యులు, సిబ్బంది, గడువులు ఉండాలి.

నియమాలు పై స్థాయిలో ఇంత కట్టుదిట్టమవుతుంటే కింది స్థాయిలో వాటిని చెప్పేవారు లేకపోవడమే అసలు లోటు. కుంట బ్లాకు నుంచి సుక్మాకో జగదల్‌పూర్‌కో ఆడడానికి వెళ్లే ప్రతి జట్టుకూ పేర్లు రాసుకునే రోజే ఒక కాగితం ఇవ్వాలి. అంపైర్ నిర్ణయంపై ఫిర్యాదు ఎవరికి చేయాలి, ఏ సూది వేయించుకోకూడదు, వయసు పత్రం లేకపోతే ఏం చేయాలి, డబ్బు ఆశ చూపినవాడి గురించి ఎవరికి చెప్పాలి, శిక్ష పడితే ఎన్నాళ్లలో అప్పీలు చేసుకోవాలి, ఇవి కోయ, హల్బీ, తెలుగు, హిందీల్లో ఉండాలి. చదవడం రానివారికి శిక్షకుడు చదివి వినిపించాలి. బస్తర్ ఒలింపిక్స్ నిర్వాహకులు వచ్చే పోటీల నమోదుతోనే ఈ పని మొదలుపెట్టాలి.